మా తాతయ్య రేడియో

సావనీరుకి ఏదైనా రాసివ్వమని మా యూనియన్ కార్యదర్శి నెల రోజులుగా వెంటపడుతున్నాడు. నాకు కవిత్వం రాదు. కథలు అల్లడం అంతకన్నా రాదు. ఫిజిక్సు రికార్డులు తప్ప ఇంకేమీ రాసినవాణ్ణి కాను. "ఇంట్లో ఇంటర్నెట్ రేడియో పెట్టానని హాస్టలంతా చెప్పుకు తిరిగావు గదా, అదే రాయి" అన్నాడు. సరేనని రాస్తున్నాను. ఇందులో నేను సాధించిన దానికంటే, చేయబోయి తప్పిపోయిన పొరపాటే పెద్దదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మాది దివిసీమ. కృష్ణ రెండు పాయలై సముద్రంలో కలిసేచోట ఉన్న గడ్డ. మూడెకరాల మాగాణి, రెండు గేదెలు, ఇంట్లో ఆరుగురం. మా తాతయ్యది 1946లో పుట్టుక. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. "నాకంటే రెండేళ్ళు చిన్నదిరా" అంటాడు దాని గురించి, సొంత చెల్లెలి మాట చెప్పినట్టు. ఆయనకి నీటికాసులతో చూపు బాగా తగ్గింది. టీవీ ముందు కూచోబెడితే "ఆ అరుపులు నాకెందుకు" అని లేచిపోతాడు. ఆయనకున్నది ఒక ఫిలిప్స్ ట్రాన్సిస్టరు. పొద్దున భక్తిరంజని, వార్తలు, సాయంత్రం రైతుల కార్యక్రమం. మధ్యలో ఎవరైనా ముల్లు కదిపారో, ఇల్లు పీకి పందిరే.

ఆ ట్రాన్సిస్టరు నాలుగైదేళ్ళుగా ఇంట్లో పలకడం మానేసింది. పెడితే గర్రుమని ఒకటే రొద, ఆ రొద వెనక ఎక్కడో మనిషి గొంతు. సెట్టు పాడైందనుకుని నాన్న రెండుసార్లు రిపేరుకిచ్చాడు. అక్కడ శుభ్రంగా పలికేది, ఇంటికి తేగానే మళ్ళీ అదే పాట. తాతయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. ట్రాన్సిస్టరు చంకన పెట్టుకుని చేలోకి పోయేవాడు. కరెంటు తీగలకి దూరంగా, గట్టు మీద కూచుంటే విజయవాడ గంటలా వినిపించేదిట. 2023 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే, మంచులో, చూపు ఆనక గట్టు మీంచి బోదెలోకి జారాడు. కుడి మణికట్టు విరిగింది. రేడియో మాత్రం ఎడమ చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు, తడవలేదు. కట్టు కట్టించుకొచ్చాక అమ్మ ఒకటే మాటంది: "మామయ్యగారూ, ఇక చేలోకి వెళ్ళారంటే నామీద ఒట్టే." కోడలి ఒట్టు ఆయన దాటలేదు. అరుగు మీద కూచుని ఆ గర్రు లోంచే వార్తలు ఏరుకునేవాడు.

సంక్రాంతికీ వేసవికీ ఇంటికొచ్చే నేను ఈ గోలంతా ఫోనులోనే విన్నాను. ఎండాకాలం సెలవులకి వెళ్ళినప్పుడు ఆ రొద సంగతేమిటో చూద్దామని ట్రాన్సిస్టరు చేత పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయాను. ఎల్‌ఈడీ బల్బు ఆపితే కొంచెం తగ్గింది. ఫోను ఛార్జరు పీకితే ఇంకొంచెం తగ్గింది. ఇన్వర్టరు దగ్గరికి వెళితే విజయవాడ పూర్తిగా మాయం. ఇవన్నీ కరెంటును సెకనుకి వేలసార్లు తెంపుతూ కలుపుతూ పనిచేసే సాధనాలు. ఆ తెంపుడులో పుట్టే అలలు సరిగ్గా మీడియం వేవ్ మీదికే వచ్చి పడతాయి. విజయవాడ పలికేది 837 కిలోహెర్ట్జ్ మీద. డెబ్భై కిలోమీటర్లు నడిచొచ్చిన ఆ అల, మా గుమ్మంలోకి అడుగు పెట్టేసరికి పక్కనే ఉన్న ఛార్జరు ముందు వెలవెలబోతోంది. అన్నిటికన్నా పెద్ద దొంగ ఎవరనుకున్నారు? ఇంటర్నెట్ పెట్టెకి కరెంటిచ్చే ఆ చిన్న నల్ల అడాప్టరు! అది పీకితే ఇంట్లో సగం రొద పోయింది. కానీ రెండు నిమిషాల్లో మా చెల్లెలు "నెట్టు ఎవరాపారు?" అంటూ బయటికొచ్చింది. దాని ఇంటరు క్లాసులన్నీ అందులోనే. ఏం చెయ్యను, మళ్ళీ పెట్టేశాను.

అప్పుడు తట్టింది. ఏ నెట్టు అడాప్టరు పాత రేడియో నోరు నొక్కిందో, ఆ నెట్టులోంచే విజయవాడ తెప్పిస్తే పోలేదా? ఆకాశవాణి కేంద్రాలు చాలా ఇప్పుడు నెట్టులో వస్తున్నాయి. ఫోనులో పెట్టివ్వొచ్చు గదా అంటారేమో. ఇచ్చి చూశాను. నున్నటి గాజు పలక మీద చూపు ఆనని మనిషి వేలు ఎక్కడ పెట్టాలి? ఒకసారి విజయవాడ అనుకుని ఎవరికో ఫోను కలిపేశాడు. "బొత్తాం లేని యంత్రం నాకొద్దు" అని తేల్చేశాడు.

ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు నాలుగువేల చిల్లర ఉంది. కొత్త ఇంటర్నెట్ రేడియో సెట్లు విదేశాల నుంచి రావాలి, వాటి ధర నా అందుబాటులో లేదు. విజయవాడలో పాత సామాను అమ్మే ఒక కొట్లో వాడిన సెట్టొకటి కనబడింది. చెక్క పెట్టె, రెండు బొత్తాలు, మంచి స్పీకరు. రెండువేల అయిదువందలకి బేరం కుదిరింది. కొట్లో దీపాలు వెలిగాయి, తెర మీద అక్షరాలొచ్చాయి, అంతే చూశాను. ఇంటికి తెచ్చి అందరినీ కూచోబెట్టి, తాంబూలం ఒక్కటే తక్కువగా, స్విచ్చి వేశాను. ముందసలు మా వైఫై దానికి కనబడనే లేదు. ఇలాంటి సెట్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి, మా పెట్టెను 5 మీద ఉంచారు. అది మార్చాక కలిసింది. కలిశాక "స్టేషన్ల జాబితా దొరకలేదు" అన్న అర్థమొచ్చే ఇంగ్లీషు ముక్క తెర మీద నిలిచిపోయింది. రాత్రంతా వెతికితే తేలిందేమిటంటే, ఆ సెట్టు నేరుగా ఏ స్టేషనుకీ వెళ్ళదు. ఎక్కడో ఉన్న ఒక కంపెనీ సర్వరును అడిగి, అది చెప్పిన చిరునామాకి వెళుతుంది. ఆ సర్వరును 2021లో మూసేశారు. పెట్టె బాగుంది, స్పీకరు బాగుంది, దారి చెప్పేవాడే లేడు.

"ఎవరో ఎక్కడో కొట్టు కట్టేస్తే మనింట్లో రేడియో చచ్చిపోతుందా?" అన్నాడు తాతయ్య. ఆయన నిజంగా అర్థంగాకే అడిగాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

డబ్బు పోయిందని రెండ్రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగాను. తరవాత సెట్టు విప్పాను. లోపలి బోర్డు తీసేసి ఈఎస్‌పీ32 అనే అరచేతిలో పావువంతు ఉండే బోర్డు పెట్టాను. ఖరీదు సుమారు 450 రూపాయలు. దాని నుంచి మూడు తీగలు చిన్న ఆంప్లిఫయరుకి, అక్కడి నుంచి స్పీకరుకి. ప్రోగ్రాము నేనే రాశానని గొప్పలు పోను. నలుగురూ వాడుకోమని ఎవరో పెట్టిన దానిలో స్టేషన్ల చిరునామాలు మార్చుకున్నాను. విజయవాడ, విశాఖ, కడప, హైదరాబాదు, వివిధభారతి అని అయిదింటిని ఒక తిప్పుడు స్విచ్చికి కట్టాను. ఒక్కో స్టేషనుకి ఒక్కో టిక్కు. కళ్ళు మూసుకుని లెక్కపెట్టుకోవచ్చు. మొదటి టిక్కు విజయవాడ.

ఇక్కడే నేను చేయబోయిన పొరపాటు. టంకం పెడుతూ స్పీకరు కాయిలు కాల్చుకున్నాను. కొత్తది కొనాలంటే మళ్ళీ విజయవాడ పోవాలి. అటక మీద తాతయ్య ట్రాన్సిస్టరు ఊరికే పడి ఉంది. దాని స్పీకరు పీకుదామని స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. నాయనమ్మ చూసింది. ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి, "దాని జోలికి పోకు" అంది. ఎందుకని అడిగితే వంటింట్లోకి తీసుకెళ్ళి బియ్యం డబ్బా మూత తీసింది. ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన కొత్త సెల్లు. ప్రతి ఏడూ అక్టోబరులో తాతయ్య కొత్తవి తెప్పించి అందులో పెట్టిస్తాడట. ఇన్నేళ్ళూ ఆ డబ్బాలో బియ్యం తిన్నవాణ్ణి, నాకు తెలియదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ వాళ్ళకి ఆ తేదీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వారం తాతయ్య రేడియోలో సెల్లు అయిపోయాయి. అవనిగడ్డ వెళ్ళినప్పుడు తెద్దాంలే అనుకున్నాడు. ఆ సాయంత్రం వచ్చిన ఉప్పెనలో ఆయన తల్లి, నాలుగేళ్ళ పెద్దకూతురు పోయారు. మా నాన్న అప్పటికి పుట్టలేదు. "వార్త తెలిసినా ఎక్కడికి పోయేవాళ్ళం, ఆ నీళ్ళలో" అంటుంది నాయనమ్మ. ఆయన మాత్రం ఏమీ అనడు, సెల్లు తెప్పిస్తాడు.

స్క్రూడ్రైవరు లోపల పెట్టేసి, బస్సెక్కి స్పీకరు కొనుక్కొచ్చాను.

కొత్త రేడియో పలికింది. గర్రు లేదు, గుర్రు లేదు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి చూశారు. తాతయ్య తల ఒకపక్కకి వంచి చాలాసేపు విని, "గొంతు కడిగించావురా దీనికి" అన్నాడు. కడప వినడం ఆయన జన్మలో అదే మొదలు. ఒకప్పుడు రేడియో సిలోన్ తెలుగు పాటల కోసం ముల్లు పట్టుకుని వేటాడినవాడు, టిక్కుటిక్కుమని ఊళ్ళు మారుతుంటే చిన్నపిల్లాడిలా నవ్వాడు. నెట్టు ఖర్చవుతుందేమోనని నాన్న భయపడితే లెక్కకట్టి చూపించాను: సెకనుకి 64 కిలోబిట్ల ప్రవాహమైతే గంటకి 29 మెగాబైట్లు. చెల్లెలి క్లాసు ముందు అదెంత!

రెండు చిక్కులొచ్చాయి. ఒకటి, చెల్లెలు ఎవరో పక్కింటి కుర్రాడు వాడుతున్నాడని వైఫై పాస్‌వర్డు మార్చింది. రేడియో మూగబోయింది. తాతయ్య మూడు రోజులు "విజయవాడ ఎత్తేశారుగావును" అనుకుని, ఎవరికీ చెప్పకుండా దిగులు పడ్డాడు. రెండోది గడియారం. వార్తల ముందు వచ్చే ఆ టింటింల ప్రకారం ఆయన గోడ గడియారం దిద్దుకుంటాడు. నెట్టులో శబ్దం ముక్కలు ముక్కలుగా వస్తుంది. కొన్ని ముక్కలు దగ్గర పెట్టుకున్నాకే సెట్టు పలకడం మొదలెడుతుంది. అందువల్ల టింటింలు ముప్పావు నిమిషం దాకా ఆలస్యం. ఫోనుతో సరిచూసి చెప్పాను. "నీ రేడియో పొద్దెక్కి లేస్తుందిరా" అన్నాడు.

ఆ ఏడాది డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను. 3వ తేదీ ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. రెండెకరాలు కోసి పనల మీద ఉంది, మూడో ఎకరం నిలబడి ఉంది. నెల్లూరు, మచిలీపట్నం మధ్య 5న తీరం దాటవచ్చని కొత్త రేడియో స్పష్టంగా చెప్పింది. నాన్న ఫోనులో బొమ్మ చూసి, ఎక్కడో నెల్లూరు వైపు గదా, నాలుగు ఎండలు తగిలితే నేరుగా నూర్పిద్దాం అన్నాడు. తాతయ్య "మచిలీపట్నం పేరు కూడా చెప్పాడు, విన్నావా? పన ఎత్తించు" అన్నాడు. ఇంటిల్లిపాదీ, కూలి దొరికినంత మందీ, ఆ పూటా మర్నాడూ కట్టలు కట్టి కుప్ప వేసి బరకాలు కప్పాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో ఎకరం దేవుడికి వదిలేశాం.

4వ తేదీ రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద నెట్టు పెట్టె కాసేపు లాగింది. ఈలోగా ఎక్కడో చెట్టు పడి ఆ తీగా తెగింది. నా రేడియోలో చిన్న దీపం ఎర్రగా ఆడుతూ కూచుంది, తరవాత అదీ లేదు. సెల్‌ఫోన్లలో గీతలు పోయాయి. బయట గాలి హోరు. తెల్లవారుజామున తాతయ్య గొంతు: "అబ్బాయ్, అటకెక్కు."

నాయనమ్మ బియ్యం డబ్బా తెచ్చింది. చీకట్లో ఆయనే తడిమి సెల్లు వేసుకున్నాడు. స్విచ్చి తిప్పాడు. విజయవాడ పలికింది, ఒక్క గర్రు లేకుండా, పక్క గదిలో మనిషి మాట్లాడుతున్నట్టు.

అంతా నిశ్చేష్టులమయ్యాం. "బాగుచేశావేంట్రా?" అన్నాడు తాతయ్య, నా వైపు తిరిగి. నేను చెయ్యి కూడా పెట్టలేదు. ఊళ్ళో కరెంటు లేదు. ఒక్క బల్బూ ఒక్క ఛార్జరూ పనిచెయ్యడం లేదు, మా నల్ల అడాప్టరుతో సహా. మూడేళ్ళు ఫిజిక్సు చదివి ఆ మాత్రం ముందే ఊహించలేకపోయాను. ఆ స్పీకరు పీకి ఉంటే ఆ పూట మా ఇంట్లో వినడానికి గాలి తప్ప ఇంకేం ఉండేది కాదు. తుపాను మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటిందని మాకు చెప్పింది ఆ పాత సెట్టే. దాటిందన్న మాట విన్నాక తాతయ్య మొదటిసారి అన్నం పెట్టమన్నాడు.

కుప్పలో అడుగు కట్టలు నాని మొలకెత్తాయి, మిగతావి దక్కాయి. నిలబడ్డ ఎకరం నీళ్ళలో పడుకుంది. దాన్నుంచి వచ్చిన బస్తాలు కోత కూలికి సరిపోలేదు. కరెంటు వచ్చిన రోజు ట్రాన్సిస్టరు మళ్ళీ గర్రుమంది. తాతయ్య దాన్ని కట్టేసి, సెల్లు తీసి, కొత్త రేడియో మొదటి టిక్కు తిప్పుకున్నాడు. ట్రాన్సిస్టరు మాత్రం అటకెక్కలేదు, ఆయన మంచం పక్క గూట్లో ఉంటోంది.

మొన్న హాస్టలుకి బయల్దేరుతుంటే నా జేబులో డబ్బు పెట్టాడు. "అక్టోబరుకి సెల్లు నువ్వే తే. పెద్దవి. తేదీ చూసి కొను" అన్నాడు. ఇంతకాలం ఆ పని నాన్నది.