తీర్థమూ, తొక్కిన చేనూ

గోదావరి పాయల మధ్య దీవి మా కోనసీమ. చిన్నప్పుడు మా యింటిల్లిపాదికీ ఏడాదికొక్క విహారం కనుమనాటి జగ్గన్నతోట తీర్థం. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశికను దాటి, పచ్చని చేలలోంచి సాగుతాయి. శివుడు తొక్కిన చేను పండుతుందంటారు. 2023లో ఢిల్లీ గణతంత్ర కవాతులో ఈ తీర్థమే శకటమై, రైతుల పండుగ అనిపించుకుంది. ఏ రైతులండీ? మా నాన్న కౌలుదారు. తొక్కిన మడికి మక్తా తగ్గిన ఏడు లేదు. తరగతిలో నేను దీన్ని సామూహికానందమని చెబుతుంటాను, అబద్ధమూ కాదు. ఆ ప్రభకు భుజం పట్టి, ‘శరభా!’ అని గొంతు పోయేలా అరిచినవాడు ఆయనే. మాకు జీళ్ళు కొనిపెట్టి ఇంటికి పంపేసి, చీకట్లో మడిలో దిగి, ఒరిగిన మొక్కలు నిలబెట్టుకునేవాడు.