పేరుకు ముందు ఒక అక్షరం

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు నాకు పిహెచ్.డి. పట్టా చేతికి వచ్చింది. అప్పటికే నేను భాషాప్రవీణను. పుంగనూరులో అందరికీ తెలుగయ్యవారిని. అయినా ఆశ చావదు గదా! మదనపల్లెలో నామఫలకం రాయించి వీధి గోడకు బిగించాను. 'డా॥' అన్నది మిగిలిన పేరుకంటె కాస్త పెద్దదిగా ఉండాలని చెప్పింది కూడా నేనే.

ఒక వానాకాలపు రాత్రి, పది దాటాక, తలుపు తట్టిన చప్పుడయింది. పల్లె నుంచి వచ్చిన దంపతులు. తల్లి భుజాన జ్వరంతో కాలిపోతున్న పసివాడు. "డాక్టరు సారును లేపమ్మా" అని మా ఆవిడను బతిమాలుతున్నారు. నేను డాక్టరునే గాని ఆ డాక్టరును కానని చెప్పడానికీ, వారు నమ్మడానికీ పట్టిన ఆ నాలుగు నిమిషాలు నన్ను నేటికీ వదలవు. ఆటో పిలిపించి ఆసుపత్రికి పంపాను. బిడ్డ బతికాడు. మరునాడే ఫలకం ఊడదీశాను.

నిజానికి తప్పు ఆ మాటది కాదు. లాటిన్‌లో డాక్టర్ అంటే బోధించేవాడు. మధ్యయుగాల ఐరోపాలో దైవశాస్త్రం, న్యాయశాస్త్రం బోధించేవారికీ ఆ పేరు చెల్లింది. మన వైపు చూసినా విద్వాంసుడూ వైద్యుడూ 'విద్' ధాతువు బిడ్డలే. కాని అర్ధరాత్రి వాకిట నిలబడిన తల్లికి వ్యుత్పత్తి చెబుతామా? (సొమ్ము చెల్లించి తెచ్చుకొన్న 'గౌరవ' పట్టాలవారి సంగతి వేరు. వారిని గూర్చి రాయడం కాలయాపన.)

ఫలకం తీసినందుకు నాకు కొంత గర్వం కూడా కలిగిందని ఒప్పుకోవాలి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె థియొసాఫికల్ కళాశాలలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించినప్పుడు ఆయన 'సర్' రవీంద్రనాథులు. ఆ మే నెలాఖరుకు, జలియన్‌వాలాబాగ్ దారుణానికి నిరసనగా, ఆ బిరుదును వదులుకొంటూ వైస్రాయికి లేఖ రాశారు. ఆయన ఎత్తు అణువంతయినా తగ్గలేదు. నేనూ ఆ కోవలోనివాణ్ణే అనుకొన్నాను!

ఆ గర్వం దించింది నా పూర్వ విద్యార్థిని. కుప్పంలో, 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి పట్టా పొందింది. వాళ్లింట బడి మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె; తల్లి టమోటా కోతలకు కూలికి పోయేది. ఆమె గుమ్మం మీద 'డా॥' చూసి, నా కథంతా చెప్పి, "మనకెందుకమ్మా ఈ ఆర్భాటం?" అన్నాను.

"మీరు బోర్డు తీసేసినా ఊరు మిమ్మల్ని అయ్యవారనే అంటుంది. నేను తీసేస్తే మా ఊళ్లో మళ్లీ 'ఏమే, ఫలానావాని కూతురా' అంటారు. ఈ ఒక్క అక్షరానికి మా అమ్మ ఎన్ని గంపలు మోసిందో మీకు తెలుసు గదా, అయ్యవారూ" అన్నది, గొంతు పెంచకుండానే.

నాకు జవాబు తోచలేదు. ముప్పయ్యేళ్లు 'నీవు', 'మీరు' అని సర్వనామాలు చెప్పినవాణ్ణి. ఆ రెంటి నడుమ ఎంత దూరముందో నడిచి చూడవలసిన పని నాకు ఎన్నడూ పడలేదు.

పేరు కింద 'తెలుగు సాహిత్యం' అని కూడా రాయించమని మాత్రం అడిగాను. ఆమె నవ్వింది.

"రాత్రిపూట కూడా కనబడేటంత పెద్దగా రాయిస్తాను లెండి."

రాయించింది. నా ఫలకం అటక మీదనే ఉంది.