తాటిపండు రొట్టె

కిందటి శ్రావణమాసంలో అమెరికా నుంచి వచ్చిన మా మనవరాలు, "తాతయ్యా, అమ్మ బేరిపళ్ళతో పై చేస్తుంది. ఇక్కడా చేసుకుందామా?" అని అడిగింది. పై అంటే ఏమిటో కూడా అదే చెప్పింది. పిండిని రొట్టెలా ఒత్తి గిన్నెలో పరిచి, అందులో పండుముక్కలూ చక్కెరా నింపి, అన్ని వైపులా వేడి తగిలేట్టు ఓవెన్‌లో కాలుస్తారు.

బేరిచెట్టుకు చలికాలంలో గట్టి చలి తగిలితేగాని సరిగా పూత రాదు. అందుకే అది కాశ్మీరంలో, నీలగిరి కొండలమీద కాస్తుంది. మా ఖమ్మం ఎండలకు అది ఎక్కడ కాస్తుంది? "మన పండుతో కాల్చే రొట్టె ఒకటున్నది, చూపిస్తాను పద," అని మనవరాలిని వెంటబెట్టుకుని బయలుదేరాను.

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం, పాల్వంచ దాటితే అడవిగాలి తగులుతుంది. గోదావరి మీద వంతెన 1965లో తెరిచారు. భద్రాచలం ఉన్నచోటనే ఉన్నదిగాని, దాని జిల్లాలే మారుతూ వచ్చాయి. 1959 దాకా తూర్పుగోదావరి, తరవాత ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం! భూగోళం పాఠం చెప్పే మాకు ఇదొక తంటా.

చర్ల దారిలో ఒక పల్లెకు వెళ్ళాము. ముప్పై ఏళ్ళ కిందట నేను ఆ వైపు బడిలో పనిచేశాను. నాలుగో తరగతిలో ఒక కోయపిల్లవాడు వానకాలమంతా ఆలస్యంగా వచ్చేవాడు. చేతులు పసుపుపచ్చగా, చొక్కానిండా పీచుతో ఉండేవాడు. నేను గడియారం చూసి గుంజీళ్ళు తీయించేవాణ్ణి. కారణం మాత్రం అడగలేదు. ఒకరోజు వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. పాత గింజలు అయిపోయాయి, కొత్త పంట ఇంకా రాలేదు. తెల్లవారకముందే వెళ్ళి రాలిన తాటిపళ్ళు ఏరుకురాకపోతే పశువులు తినేస్తాయి. అప్పుడు చెల్లెళ్ళకు పొద్దుటి తిండి ఉండదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మేము వెళ్ళింది ఆ పిల్లవాడి ఇంటికే. ఇప్పుడతనికి బడికి వెళ్ళే కూతురున్నది. వాళ్ళమ్మ ముసలిదైనా పొయ్యి దగ్గర ఆమెదే పెత్తనం. పండ్లను నిప్పులమీద తొక్క నల్లబడేదాకా కాల్చింది. తొక్క వలిచి, టెంకను పీచుతో సహా బుట్టకు రుద్ది గుజ్జు తీసింది. క్యారెట్టుకు రంగునిచ్చే కెరోటిన్ వంటి పదార్థాలే ఈ గుజ్జుకూ ఆ పసుపురంగు ఇస్తాయి. దానిలో బియ్యపురవ్వ, బెల్లం కలిపి అడ్డాకుల మధ్య పరిచి మూకుట్లో పెట్టింది. కింద సన్నని సెగ, పైన మూతమీద నిప్పులు. "తాతయ్యా, ఇది ఓవెనే!" అన్నది మనవరాలు.

ఆకు విప్పితే అడుగు మాడీమాడకుండా ఎర్రగా కాలింది. మనవరాలు ఒక ముక్క తిని, "కొంచెం చేదు," అన్నది. నిజమే. తాటిపండులో ఫ్లాబెల్లిఫెరిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. ఒక్కొక్క చెట్టు పండు ఎక్కువ చేదు, ఒక్కొక్కటి తక్కువ. ఏ చెట్టు పండు తియ్యనో అవ్వకు తెలుసు. అయినా మనవరాలు రెండో ముక్క అడిగింది!

"ఆ తియ్యటి చెట్లలో నాలుగే మిగిలాయి సారూ," అన్నాడు అతను. తాళ్ళలో పోతుచెట్లు వేరు, పెంటిచెట్లు వేరు. పెంటిచెట్టే కాస్తుంది. టెంక నాటిన పది పన్నెండేళ్ళకుగాని కాపుకు రాదు, అప్పటిదాకా అది పోతో పెంటో తెలియదు. పొలం చదును చేసేవాళ్ళకు అంత ఓపిక ఎక్కడిది? అవ్వ టెంకలన్నీ దిబ్బలో పాతించింది, చలికాలంలో తేగలకు. నాలుగు టెంకలు మాత్రం పిల్లలిద్దరూ గట్టు వెంబడి పాతారు.

మేము లేచేటప్పుడు అతను నవ్వుతూ, "సారూ, ఈ పండ్లు పొద్దున మా పాపే ఏరుకొచ్చింది. బడికి ఆలస్యమైంది. ఒక చీటీ రాసిస్తారా?" అన్నాడు.

జేబులోంచి కలం తీసి రాసిచ్చాను.