సన్మానపత్రం

ఈ సంక్రాంతికి మా హైస్కూలులో 1997లో పదో తరగతి పరీక్ష వ్రాసిన వాళ్ళమంతా ఒకచోట కలుసుకోవాలని నిర్ణయమయింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న మా క్లాసువాడొకడు సెల్‌ఫోనులో గ్రూపు పెట్టి, నలభై రెండు పేర్లు పోగుచేసి, తలకు రెండు వేల చొప్పున చందా వేసి, పనులు పంచిపెట్టాడు. ఒకడికి షామియానా, ఒకడికి భోజనాలు, ఒకావిడకు శాలువాలూ పూలదండలూ. నా వంతుకు సన్మానపత్రం వచ్చింది.

"నువ్వు తెలుగు లెక్చరరువి కదరా! మన తెలుగు మాస్టారికి సన్మానపత్రం నువ్వు కాక ఎవడు వ్రాస్తాడు? వినేవాళ్ళకు కళ్ళ నీళ్ళు తిరగాలి సుమా!" అన్నాడు.

సరేనన్నాను. సన్మానపత్రాలు వ్రాయటం తెలుగు లెక్చరర్లకు కొత్త కాదు. రిటైరయ్యే ప్రిన్సిపాళ్ళకు, బదిలీ అయ్యే ఆఫీసర్లకు ఇప్పటికి పాతిక దాకా వ్రాసి ఉంటాను. "విద్యాదాతా!", "శిష్యవత్సలా!" అని సంబోధనలు వేసుకుంటూ పోతే అరగంట పని. అలాంటిది ఈ ఒక్క పత్రమూ ఇరవై రోజులుగా ముందుకు సాగటం లేదు. ఎందుకు సాగటం లేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది కోనసీమ. అప్పట్లో తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 2022లో వేరే జిల్లా అయింది. మా నాన్న పోస్టాఫీసులో గుమాస్తా. క్లాసులో నా పక్కన కూర్చునేవాడు కొబ్బరి దింపు తీసే ఆయన కొడుకు. పేరు చెప్పను. వాడికి లెక్కలు రావు, ఇంగ్లీషు అంతకన్నా రాదు. పద్యం మాత్రం ఒక్కసారి వింటే చాలు, పట్టుబడిపోయేది. పోతనగారి గజేంద్రమోక్షం పద్యాలు మాస్టారు క్లాసులో చదివి వినిపిస్తే, మర్నాడు పుస్తకం లేకుండా అప్పజెప్పేవాడు. వాడు గొంతెత్తితే పక్క క్లాసు పంతులమ్మగారు కూడా పాఠం ఆపి వినేవారు. స్కూలు వార్షికోత్సవంలో పద్యపఠనానికి మొదటి బహుమతి ఎనిమిదిలోనూ వాడిదే, తొమ్మిదిలోనూ వాడిదే. రెండో బహుమతి రెండుసార్లూ నాది.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. ఆ రాత్రి తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లవారి చూస్తే తోటలు తోటల్లా లేవు. వేళ్ళతో సహా పడిపోయిన చెట్లు కొన్ని, తలలు విరిగి మొండేలుగా నిలబడినవి కొన్ని. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావటానికి ఆరేడేళ్ళు పడుతుంది. భూమి ఉన్నవాడు నష్టపరిహారం గురించి మాట్లాడుకోవచ్చు. ఎక్కటానికి చెట్టే లేనివాడు దేని గురించి మాట్లాడతాడు?

కొన్నాళ్ళకు బడి తెరిచారు. నా పక్క చోటు ఖాళీగా ఉంది. ఒకనాడు మాస్టారు నన్ను పిలిచి, "నువ్వు వాళ్ళింటికి వెళ్ళి చెప్పిరా. పబ్లిక్ పరీక్ష ఫీజుకు ఇంకా వారమే గడువుంది. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. వాణ్ణి రమ్మన్నానని చెప్పు" అన్నారు.

వాళ్ళ పేట మా ఇంటికి మైలు దూరం. నేను వెళ్ళలేదు. మర్నాడు మాస్టారు అడిగితే, "ఇంటికి తాళం వేసి ఉందండి" అన్నాను.

దారికి అడ్డంగా పడిన చెట్లు ఇంకా తీయలేదు, సైకిలు పోదు. ఇది ఒక కారణం. వాడు లేకపోతే ఈసారి మొదటి బహుమతి నాది. ఇది రెండో కారణం. ఆ పదిహేనేళ్ళ కుర్రవాడి మనసులో ఏది ఎంత పాలో నలభై దాటిన ఈ మనిషి నేటికీ తేల్చుకోలేకుండా ఉన్నాడు. పది రోజులు పోయాక, ఉండబట్టలేక వెళ్ళాను. అప్పుడు నిజంగానే తాళం వేసి ఉంది. హైదరాబాదులో ఇళ్ళ కట్టుబడి పనికని అందరూ వెళ్ళిపోయారని పక్కింటావిడ చెప్పింది.

ఆ యేడు మొదటి బహుమతి నాకు వచ్చింది. స్టీలు గ్లాసు. దాని మీద చుక్కలు చుక్కలుగా "పద్యపఠనము - ప్రథమ" అని చెక్కించారు. అందుకుంటుంటే మాస్టారు భుజం తట్టి, "నీకు తెలుగు అబ్బుతుందిరా" అన్నారు.

ఆ మాట పట్టుకునే నా జీవితం ఇంతదూరం నడిచింది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచారు. మా ఊరి పిల్లలంతా ఎంసెట్ అనీ, కంప్యూటర్లనీ పరుగులు పెడుతుంటే నేను బి.ఏ.లో చేరి, ఆ తరువాత విశాఖపట్నంలో తెలుగు ఎం.ఏ. చదివాను. "తెలుగు చదివి ఏం చేస్తావోయ్?" అని అడగని చుట్టం లేడు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు మా మామయ్య, "అయితే మీ జీతాలు పెరుగుతాయా?" అన్నాడు. పెరగలేదు గాని నాకు లోటు లేదు. ఉద్యోగం, సొంత ఇల్లు, ఇద్దరు పిల్లలు. గజేంద్రమోక్షం పాఠం చెప్పిన రోజున, "మీరు పద్యం ఎంత బాగా చదువుతారు సార్!" అంటారు విద్యార్థులు. ఎక్కడ విరవాలో, ఎక్కడ ఆగాలో నేను నా పక్కనున్నవాడి దగ్గర నేర్చుకున్నానని వాళ్ళకు తెలియదు.

గ్రూపులో నలభై రెండు పేర్లున్నాయి. ఒకడు అమెరికాలో ఉన్నాడు, ఒకడికి రొయ్యల చెరువులున్నాయి, ఒకావిడ పక్క మండలంలో హెడ్మిస్ట్రెస్. వాడి పేరు మాత్రం లేదు. అడిగితే, "వాడు పరీక్ష వ్రాయలేదు కదరా, మన బ్యాచ్ ఎలా అవుతాడు?" అన్నాడు హైదరాబాదు స్నేహితుడు. లెక్క ప్రకారం నిజమే కాబోలు.

"రోజూ వ్రాసి చింపేస్తున్నారు, ఏమిటి సంగతి?" అని మా ఆవిడ అడిగింది. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆమెకు ఈ కథ చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మాస్టారికి సన్మానపత్రం తరువాత వ్రాద్దురు గాని, ముందు ఆయన చెప్పిరమ్మన్న మాట చెప్పి రండి" అంది.

వాకబు చేస్తే వాడు ఎప్పుడో తిరిగి వచ్చేశాడనీ, అంబాజీపేటలో ఉంటున్నాడనీ తెలిసింది. పోయిన ఆదివారం వెళ్ళాను. కొబ్బరి కొట్టు వెనక రాశి ముందు నిలబడి, నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి డొక్క తీస్తున్నాడు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, "ఆయ్, మీరా! రండి రండి" అన్నాడు. మూడేళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్నవాడు నన్ను "మీరు" అంటుంటే వినలేకపోయాను. "నువ్వు అనరా" అన్నాను. నవ్వాడు గాని అనలేదు.

టీ తాగుతూ జరిగినదంతా చెప్పాను. తాపీగా విన్నాడు.

"అప్పుడు మీరొచ్చినా ఆగేవోణ్ణి కాదులెండి. నాన్నకి పని లేదు. తినాలి కదండి" అన్నాడు.

ఎన్నాళ్ళ బరువో దిగినట్టయింది నాకు. అంతలో వాడే, "అయితే మాస్టారు నా కోసం అడిగారాండి?" అన్నాడు.

"అడిగారు. ఫీజు తానే కడతానన్నారు. నిన్ను రమ్మన్నారు."

వాడు టీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. "నేను రావట్లేదని ఎవరూ చూసుకోలేదేమో అనుకున్నానండి ఇన్నాళ్ళూ. ఆ మాట అప్పుడే తెలిసుంటే బాగుండేదండి" అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. వాడికి ఫీజు పోయిందనీ, చదువు పోయిందనీ, బహుమతి పోయిందనీ ఇన్నేళ్ళూ లెక్కలు వేసుకున్నాను. వాడికి కావలసింది ఒక కబురు. నిన్ను ఒకరు తలుచుకున్నారన్న కబురు. అది ఇరవై తొమ్మిదేళ్ళు నా దగ్గరే ఉండిపోయింది.

సంక్రాంతికి రమ్మన్నాను. "మాస్టారిని చూడ్డానికి వస్తానండి. సభలో మాత్రం ముందు కూర్చోబెట్టకండి" అన్నాడు.

ఇంటికి వచ్చి గ్రూపులో నలభై మూడో పేరు చేర్పించాను. ఎవరూ కాదనలేదు. స్టీలు గ్లాసు వంటింట్లో బియ్యం డబ్బాలో ఉండేది, కొలతకు. మా ఆవిడ దాన్ని తోమి నా సంచీలో పెట్టింది.

సన్మానపత్రంలో సంబోధనలన్నీ కొట్టివేశాను. "మాస్టారూ! మీరు 1996లో నాతో పంపిన కబురు మొన్న ఆదివారం అందజేశాను" అని మొదలుపెట్టాను. కళ్ళ నీళ్ళు తిరుగుతాయో లేదో తెలియదు. ఎనభై దాటిన ఆయన ముందు, నలభై ముగ్గురిలో నిలబడి, ఈ ఒక్క వాక్యం నేను పైకి చదవగలనా అన్నది సంక్రాంతి నాటికి గాని తేలదు.