తాళం తిప్పితే వచ్చే కరెంటు

కారులో కరెంటు రెండు రకాలు. ఒకటి బ్యాటరీ నుంచి ఎప్పుడూ వస్తూనే ఉండేది. తాళం తీసి హ్యాండుబ్యాగులో వేసుకుని ఇంటికెళ్ళి పడుకున్నా అది ఆగదు. హారను, లోపలి దీపం, గడియారం దానిమీదే బతుకుతాయి. రెండోది తాళం తిప్పితేనే వచ్చేది. మెకానిక్కులు మొదటిదాన్ని ‘డైరెక్ట్’ అంటారు, రెండోదాన్ని ‘ఇగ్నిషన్ కరెంటు’ అంటారు. కారుకి కొత్తగా ఏ వస్తువు బిగించుకున్నా, దానికి ఈ రెంటిలో ఏది కలిపారన్నది చాలా ముఖ్యమైన సంగతి. ఇరవయ్యేళ్ళుగా కారు నడుపుతున్న నాకు ఇది తెలియడానికి యాభై అయిదేళ్ళు నిండాలా? ఇది నీకక్కర్లేదని నాతో ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండానే అలా జరిగిపోయింది.

నేను తెలుగు పాఠాలు చెబుతాను. ఇల్లు హైదరాబాదులో, కాలేజీ ఊరి బయట నలభై కిలోమీటర్ల దూరంలో. రానూపోనూ దాదాపు మూడు గంటలు. ఇంట్లో ఎనభై దాటిన అమ్మ, కాలేజీలో పిల్లలు. నాదంటూ మిగిలేది ఆ మూడు గంటలే. రాయాలనుకునే స్త్రీకి సొంత గది ఉండాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసింది. నాకు దొరికిన గదికి నాలుగు చక్రాలున్నాయి.

ఆ గదిలో నేను వినాలనుకున్నవి స్త్రీల పాటలు. పరిశోధన కోసం 1990లలో కృష్ణా జిల్లా పల్లెల్లో తిరిగి టేపుల మీద ఎక్కించినవి. దంపుళ్ళ పాటలు, అప్పగింతల పాటలు, ఊర్మిళాదేవి నిద్ర. పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. సన్నని గొంతులు, మధ్యలో కోళ్ళ అరుపులు, ఎవరో పిల్లాణ్ణి కేకలేయడం... టేపుల్ని ఫోనులోకి మార్పించుకున్నాను గానీ, కారుతో వచ్చిన పాత రేడియోకి ఫోను కలిపే వీల్లేదు. రోడ్డు హోరులో ఫోను గొంతు చాలదు. అందుకని బ్లూటూత్ ఉన్న చిన్న ఆంప్లిఫయరు కొని, కారు సామాన్లు బిగించే షాపులో ఇచ్చి సీటు కింద పెట్టించుకున్నాను.

శుక్రవారం సాయంత్రం బిగించారు. శని, ఆదివారాలు కారు తీయలేదు. సోమవారం పొద్దున్న అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఇంజను కదల్లేదు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఆటో ఎక్కుతూ దిగుతూ ఎంత అవస్థ పడిందో!

షాపుకి ఫోన్ చేశాను. “లైట్లు ఆర్పడం మర్చిపోయుంటారు మేడం” అన్నాడు. ఆర్పానన్నాను. “బ్యాటరీ పాతదయి ఉంటుంది.” ఏడు నెలల కిందటే మార్పించానన్నాను. “అయితే సార్ని ఓసారి పంపించండి మేడం, ఆయనకి చెప్తా.” సార్ లేరు. ఉన్నా, కారు నాది, డబ్బు నాది, పాటలు నావి. చెప్పేదేదో నాకు చెప్పడానికి అడ్డేమిటి? బ్యాటరీ చార్జి చేయించి ఇంటి ముందు పెడితే రెండు రోజులకి మళ్ళీ అదే కథ.

మా ఫిజిక్స్ మేడంతో అన్నాను. పద్దెనిమిదేళ్ళుగా సర్క్యూట్లు బోధిస్తున్న మనిషి. “ఏదో రాత్రంతా కరెంటు తాగుతోందండీ” అని వెంటనే చెప్పేశారు. కాసేపాగి, “చూద్దాం. కానీ నా కారులో ఫ్యూజు బాక్సు నేనే ఎప్పుడూ తెరవలేదు” అన్నారావిడ. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆవిడకి చదువు తక్కువై కాదు. చదువుకీ చేతికీ మధ్య ఎప్పుడూ ఓ భర్తో, డ్రైవరో, మెకానిక్కో నిలబడి ఉన్నారు.

కోఠీ గుజరాతీ గల్లీలో ఒక మల్టీమీటరు కొన్నాను. శనివారం మధ్యాహ్నం కాలేజీ ఆవరణలో ఇద్దరం కారు ముందు నిలబడ్డాం. వాచ్‌మన్ వచ్చి “డ్రైవర్ని పిలవమంటారా మేడం?” అన్నాడు. వద్దన్నాం.

ముందు రోగం ఏమిటో తేల్చాలి. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాం. అన్నీ ఆర్పి ఉన్న కారు 0.6 ఆంపియర్లు లాగుతోంది. ఆంప్లిఫయరు ఫ్యూజు పీకితే 0.02కి పడిపోయింది. లెక్క తేలికే. రోజుకి 24 గంటలు, గంటకి 0.6. అంటే రోజుకి 14 ఆంపియర్ అవర్లకి పైనే. మా బ్యాటరీ మొత్తం 35. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటికి సరిగ్గా సరిపోయింది.

ఆంప్లిఫయరుకి మూడు తీగలు వెళ్తాయి. బ్యాటరీ నుంచి లావు ఎర్ర తీగ, కారు ఇనుముకి కలిపే నల్ల తీగ, ‘రిమోట్’ అనే సన్నటి నీలం తీగ. నీలం తీగలో కరెంటు ఉంటే ఆంప్లిఫయరు మేల్కొంటుంది, లేకపోతే పడుకుంటుంది. కాబట్టి దానికి తాళంతో వచ్చే కరెంటే ఇవ్వాలి. ఆ కరెంటు ఎక్కడుందో వెతకడానికి బద్ధకించి నీలం తీగని తీసుకెళ్ళి ఎర్ర తీగకే చుట్టేశారు. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళ పాట వినడానికి కొన్న వస్తువు ఒక్క రాత్రి కూడా కన్ను మూయలేదన్నమాట!

ఇక వెతుకులాట. విప్పిన తీగ మళ్ళీ బిగించాం. స్టీరింగు కింద మూత తీస్తే రంగురంగుల ఫ్యూజులు. మీటరు నల్ల ముల్లు రంగు లేని బోల్టుకి ఆనించి, ఎర్ర ముల్లుతో ఒక్కో ఫ్యూజు నెత్తిన ఉన్న లోహపు చుక్కని తాకుతూ పోయాం. తాళం లేకుండా ఒకసారి, ‘ఏసీసీ’ దగ్గర ఒకసారి, ‘ఆన్’ దగ్గర ఒకసారి. కొన్నిచోట్ల ఎప్పుడూ పన్నెండు వోల్టులు. కొన్నిచోట్ల ‘ఆన్’ అయితేనే. సిగరెట్ లైటరు ఫ్యూజు దగ్గర తాళం లేకపోతే సున్నా, ‘ఏసీసీ’కి తిప్పగానే పన్నెండు. ఇంజను అందుకునే క్షణంలో అది మాయమై మళ్ళీ వచ్చింది. ఆ క్షణంలో బలమంతా స్టార్టరు మోటారుకే కావాలి కదా. నాకు కావలసింది ఇదే. కారు ఆపుకుని చెట్టు కింద కూర్చుని కూడా పాట వినచ్చు.

మళ్ళీ బ్యాటరీ తీగ విప్పాం. అసలు ఫ్యూజు అలాగే ఉండి, పక్కన ఇంకో చిన్న ఫ్యూజుతో కొత్త తీగ బయటికొచ్చే ‘ఫ్యూజు ట్యాప్’ ఒకటి రాణిగంజ్‌లో దొరికింది. రెండు ఆంపియర్ల ఫ్యూజు వేసి నీలం తీగ దానికి కలిపాం. ఎయిర్ బ్యాగుల పసుపు తీగల జోలికి, ఇంజను కంప్యూటరు ఫ్యూజు జోలికి పోలేదు. తాళం తీశాక చూస్తే 0.02. పని మొత్తం గంటన్నర.

తెనాలిలో నా చిన్నప్పుడు ఫ్యూజు పోతే మా అమ్మే స్టూలు ఎక్కేది. మెయిన్ ఆపి, పింగాణీ ఫ్యూజు పీకి, కాలిన తీగ తీసి కొత్తది చుట్టేది. నాన్న టార్చిలైటు పట్టుకునేవారు. అయిదో తరగతి చదివిన అమ్మ చేసిన ఆ పనిని మా ఇంట్లో ఎవరూ విద్య అనలేదు. అంట్లు తోమడం, పాలు కాచడంలాగే అదీ ఒక ఇంటిపని. అదే పని బజార్లో డబ్బు పుచ్చుకుని చేస్తే ‘టెక్నికల్’!

కారు చరిత్రలోనూ ఇంతే. 1888లో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా దాదాపు వంద కిలోమీటర్లు కారు నడిపింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. కరెంటు తీగ ఒరుసుకుపోతే తన మేజోడు పట్టీ చుట్టి కాపాడింది. ఆమె కట్నం డబ్బు కూడా ఆ వ్యాపారంలోకే పోయింది. 1886 నాటి పేటెంటు మాత్రం భర్త కార్ల్ పేరు మీద ఉంది. అద్దం తుడిచే వైపరుకి 1903లో అమెరికాలో పేటెంటు పొందిన మేరీ ఆండర్సన్‌కి దాని మీద లాభమేమీ రాలేదు. ఆడవాళ్ళకి యంత్రాలు తెలియవనే మాట ఈ చరిత్ర మీద కప్పిన దుప్పటి.

స్త్రీని శక్తి అని పొగడడం మనకి అలవాటే. మనం కూడా అధికారం గురించి చాలా రాశాం, చర్చించుకున్నాం. కానీ ఆ శక్తిస్వరూపిణికి ఫ్యూజు బాక్సు మూత ఎక్కడుందో చూపించడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. తెలియకపోవడానికి మనం కట్టే మూల్యం చిన్నదేం కాదు. చేయని తప్పు మన మీద పడుతుంది. ప్రయాణం ఆగిపోతుంది. లేని సార్ కోసం సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఏ ఫ్యూజు దేనిదో, ఏది ఎప్పుడూ ఉండేదో, ఏది తాళంతో వచ్చేదో తెలుగులో రాసి ఆ మూత లోపల అంటించాను. ఆ మర్నాటి వారం ఫిజిక్స్ మేడం కారు తెరిచాం. తర్వాత లైబ్రేరియన్ గారిది. ఎవరైనా మీ కారుకి ఏదైనా బిగిస్తుంటే దీనికి కరెంటు ఎక్కణ్ణించి ఇచ్చారు, తాళం తీస్తే ఆగుతుందా అని అడగండి. చూపించమనండి. వీలైతే మీరే ఒక మీటరు కొనుక్కుని మూత తెరవండి. తెరిచేటప్పుడు పక్కన ఇంకో స్త్రీని కూడా పిలవండి.