కూత ఆగితే జబ్బు ఆగినట్టా?

జగిత్యాలలో పిల్లల వైద్యం చేస్తూ నేను తరచుగా వినే ప్రశ్న ఒకటుంది. "సారూ, పిల్లికూతలు బందయినయి గదా, ఇంకా ఆ పీల్చే మందెందుకు?" కోరుట్లలో బీడీలు చుట్టే తల్లులూ అడుగుతారు, సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే తండ్రులూ అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. కూలి చేసుకునే ఇంటికి మందు ఖర్చు బరువే.

ఉబ్బసంలో శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి, వాటి లోపలి పొర వాస్తుంది. బిగువు సడలగానే కూత ఆగుతుంది. వాపు మాత్రం లోపల ఉండిపోవచ్చు. పొగాకు ధూళో, నూలు ధూళో, చలిగాలో తగిలితే ఆయాసం మళ్ళీ రేగుతుంది. సిరిసిల్ల నుంచి నా దగ్గరికి వచ్చే ఎనిమిదేళ్ళ బాబుకు ఇంట్లోవాళ్ళు నెల రోజులు మందు ఆపేశారు. బాబు ఆడుతూనే ఉన్నాడు. ఒక తెల్లవారుజామున మాట పెగలక, పెదవులు నీలమయ్యాయి. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెడితే గండం గడిచింది.

కనబడని ఆ వాపును సూది గుచ్చకుండానే కనిపెట్టవచ్చు. వాచిన నాళాల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఎక్కువగా వస్తుంది. మనిషి వదిలే ఊపిరిలో అది ఉంటుందని 1991లో, ఉబ్బసరోగుల్లో పెరుగుతుందని 1993లో స్వీడన్ శాస్త్రజ్ఞులు చూపించారు. అయిదారేళ్ళు నిండిన పిల్లలు యంత్రంలోకి కొన్ని సెకండ్లు నిదానంగా ఊదితే చాలు. పన్నెండేళ్ళ లోపువారికి నూరు కోట్ల పాళ్ళలో 20 కంటే తగ్గితే తక్కువ, 35 దాటితే హెచ్చు అని లెక్క. పీల్చే స్టీరాయిడ్ మందు సరిగా వాడితే సాధారణంగా ఈ అంకె దిగుతుంది. అయితే ముక్కు అలర్జీ, జలుబు, పాలకూర కూడా దీన్ని పెంచగలవు. కాబట్టి ఈ ఒక్క అంకెతోనే జబ్బు తీవ్రతను తేల్చకూడదు.

ఈ యంత్రం ఖరీదైనది, అన్ని ఊళ్ళలో ఉండదు. ఇంట్లో పెట్టుకోదగినది పీక్ ఫ్లో మీటరు. ఇది వాపును కొలవదు, నాళాలు ఎంత తెరుచుకున్నాయో చెబుతుంది. పొద్దున, సాయంత్రం పిల్లవాణ్ణి నిలబెట్టి మూడుసార్లు గట్టిగా ఊదించండి. అన్నిటికంటే పెద్ద అంకెను నోటుబుక్కులో రాయండి. బాగున్నప్పుడు 250 ఊదే పిల్లవాడు 200 కంటే తగ్గితే డాక్టరు ముందే చెప్పి ఉంచిన ప్రకారం మందు మార్చాలి. 125 కంటే తగ్గితే ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్ ఇస్తూ వెంటనే ఆస్పత్రికి బయలుదేరాలి. అంకె ఎంతున్నా, మాట రాకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా ఆగవద్దు.

మృగశిరనాడు హైదరాబాదులో చేపమందు వేయించినా సరే, రోజూ పీల్చే మందు మీ అంతట మీరు మానిపించకండి. తగ్గించే సంగతి డాక్టరుతోనే తేల్చుకోండి. వెళ్ళేటప్పుడు ఆ నోటుబుక్కు వెంట తీసుకువెళ్ళండి.