పరుగెత్తువాని మోకాలు

ఆటలను గూర్చి మేము వ్రాయబూనుట చూచి సోదరీమణులు కొందఱు నవ్వుకొనవచ్చును. కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణమున కాపురముండి, వంట, ఉద్యోగము, పిల్లవాని చదువు అను మూటి నడుమ తిరుగాడు మాకు ఫుట్‌బాల్‌తో నేమి పని యని మేమును చాలకాల మనుకొంటిమి. కాని మగపిల్లవాడు పెరుగుచున్న యింటిలో ఊరి ఆట యింటి ఆట కాక తప్పదు. మా చిరంజీవికి తొమ్మిదవయేట పట్టుకొన్న శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు పిచ్చి మొదట మావారికిని, తుదకు మాకును అంటుకొన్నది.

అమెరికావారి ఫుట్‌బాల్ మన యెఱిగిన కాలిబంతి ఆట కాదు. బంతి కోలగా నుండును. దానిని చంక నిఱికించుకొని పరుగెత్తుట ఆ యాటలో గొప్ప పని. అట్లు పరుగెత్తువానిని రన్నింగ్ బ్యాక్ అందురు. చెడుగుడు ఆటలో కూతకు వచ్చినవానిని నలుగురు చుట్టుముట్టి పడవేయుట చదువరు లెఱుగుదురు గదా. ఇచటను అట్లే నడుము పట్టియు, తొడలు పట్టియు, మోకాళ్లకు అడ్డముపడియు వానిని నేలగూల్తురు. పట్టువారు మిక్కిలి బరువుగల మల్లులు. ఒక్క ఆటలో ఇరువదిసార్లు అట్లు పడి లేచినవానిని జనులు మెచ్చుకొందురు. ఇట్టివాని ఆట కాలము మిగిలినవారి కంటె తక్కువ యగుటలో వింత యేమున్నది?

మా జట్టులో ఆ పని చేయువాడు ఫ్రాంక్ గోర్. మయామీ విశ్వవిద్యాలయమున చదువుకాలములోనే వాని రెండు మోకాళ్లకును శస్త్రచికిత్స జరిగినది. ఆ కారణమున 2005లో జట్లు ఆటగాండ్రను ఎన్నుకొనునప్పుడు అఱువదినలుగురి పేర్లు పలికిన తరువాతగాని వాని పేరు పలుకలేదు. అట్టివాడు మఱుసటియేడు 1,695 గజములు పరుగెత్తి జట్టు చరిత్రలోనే లేని లెక్క చూపెను. మూత్రపిండముల వ్యాధితో బాధపడిన వాని తల్లి 2007లో గతించినదని మా చిరంజీవి చెప్పిననాటినుండి మాకు గోర్ యెడ నొక యాపేక్ష కలిగినది. 2013 ఫిబ్రవరిలో మా జట్టు సూపర్ బౌల్ వఱకు వెళ్లి, బాల్టిమోర్ వారితో 34–31గా ఓడినది. ఆ రాత్రి మా యింట నెవరును సరిగా భోజనము చేయలేదు. గోర్‌కు ముప్పది నిండవచ్చినవి. వాని తరువాత నెవరను చింత మా వారికి ఆఫీసు చింత కంటె నెక్కువయ్యెను.

ఏటేట ఏప్రిల్ నెలలో ముప్పది రెండు జట్లును విశ్వవిద్యాలయములనుండి వచ్చు క్రొత్త యువకులను వంతులవారీగా ఏఱుకొందురు. దీనిని డ్రాఫ్ట్ అందురు. అంతకుముందు ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్ నగరమున పిల్లవాండ్రను పిలిపించి, పరుగెత్తించి, ఎగిరించి, కొలతలు తీసి, జట్ల వైద్యులు ఒకరి తరువాత నొకరు మోకాలు పట్టి లాగి చూతురు. ఇది విన్నప్పుడు మాకు పెండ్లిచూపులు జ్ఞప్తికి వచ్చినవి. మా అత్తగారు మాత్రము ‘కాదు, ఎడ్ల సంత’ అనిరి. ఆమె ఆ వేసవికి తణుకునుండి మా యింటికి వచ్చి యుండిరి. ఆమెకును మోకాళ్ల నొప్పులే.

ఆ యేడు నాల్గవ వరుసలో, 131వ పేరుగా, మా జట్టువారు మార్కస్ లాటిమోర్ అను దక్షిణ కెరొలైనా యువకుని ఎన్నుకొనిరి. ఆరోగ్యముతో నుండిన యెడల అంతవఱకు మిగిలి యుండెడివాడు కాడని అందఱు ననిరి. 2011 అక్టోబరులో ఎడమ మోకాలు చెడినది. బాగుచేసికొని తిరిగి ఆడుచుండగా 2012 అక్టోబరు 27న, ఇరువదియొకటవ జన్మదినమునకు రెండు దినముల ముందు, కుడి మోకాలు కీలు తప్పి స్నాయువులు తెగినవి. ఆ క్షణమున ఎదుటి పక్షమైన టెన్నెసీ ఆటగాండ్రు సైతము వచ్చి వాని చుట్టు నిలిచిరి. మా చిరంజీవి ఆ దృశ్యమును మాకు చూపబోగా సగములోనే ఆపుమంటిమి.

మోకాలి లోపల తొడ యెముకను క్రింది కాలి యెముకను పట్టియుంచు స్నాయువు ఒకటి కలదు. పూర్తిగా తెగిన నది దానంతట నతుకుకొనదు. వైద్యులు రోగి శరీరమునుండియే, మోకాలిచిప్ప క్రిందనుండియో తొడ వెనుకనుండియో, ఒక పట్టె కోసి, యెముకలకు రంధ్రములు చేసి బిగింతురు. ఆ పట్టె గట్టిపడి ఆటకు పనికివచ్చుటకు తొమ్మిది నెలలైనను పట్టును. ఒకటి తెగినప్పటి మాట యిది. లాటిమోర్‌కు తెగినవి అంతకు మించి. కాలిబంతి, బాస్కెట్‌బాల్ ఆడు ఆడపిల్లలకు ఈ గాయము మగపిల్లలకంటె తఱచుగా తగులునని వైద్యులు చెప్పుదురు గావున, ఆడపిల్లల తల్లులును ఈ మాట గుర్తుంచుకొందురు గాక.

ఇంత తెలిసియు మా ఆశ తగ్గలేదు. విశ్వవిద్యాలయమున లాటిమోర్ తొడిగిన చొక్కా అంకె 21. మా గోర్ అంకెయు 21. ఇది శుభశకునమని మా చిరంజీవి నిశ్చయించెను. రెండు మోకాళ్లు చెడిన గోర్ నిలువగా ఇతడేల నిలువడని మావారి వాదము. 2013 సంవత్సర మంతయు జట్టువారు వానిని ఒక్క పందెమునను దింపక విశ్రాంతి నిచ్చిరి. మేము ప్రతి వారమును ‘ఎప్పుడు దిగును, ఎప్పుడు దిగును’ అని అడుగుచునే యుంటిమి. అత్తగారు తణుకు తిరిగి వెళ్లిన తరువాత ఫోనులో మనుమనితో మాటాడునపుడు మాత్రము వేఱొక ప్రశ్న వేసెడివారు: ‘ఒరే, ఆ అబ్బాయి మోకాలు ఎలాగున్నదిరా? మెట్లు ఎక్కగలుగుచున్నాడా?’ మెట్ల సంగతి ఏ పత్రికవారును వ్రాయలేదు.

2014 వేసవిలో మా చిరంజీవి ఉన్నత పాఠశాలలో చేరబోవుచు, ఫుట్‌బాల్ జట్టునకు తల్లిదండ్రుల అనుమతిపత్రము తెచ్చి బల్లమీద పెట్టెను. మావారు కలము తీసిరి. మేము కాగితము తీసికొంటిమి. ‘చదువు చెడును’ అంటిమి. ‘చెడదు’ అనెను. ‘ఎండలో సాధన’ అంటిమి. వాడు మమ్ము నిదానముగా చూచి, ‘అమ్మా, లాటిమోర్ ఎప్పుడు దిగుతాడని రోజూ అడుగుతున్నావు. వాడి మోకాలైతే ఫరవాలేదు, నా మోకాలైతే కూడదు. అంతేనా?’ అనెను. పదునాలుగేండ్ల పిల్లవాడు! మేము బదులు చెప్పలేదు. సంతకమును పెట్టలేదు. పది దినములు వాడు మాతో అవసరమునకు మించి మాటాడలేదు. మావారు ఇరువురి నడుమ మౌనము వహించి తమ సౌఖ్యమును చూచుకొనిరి.

ఆ శరత్కాలమున లాటిమోర్ అభ్యాసమునకు దిగెనని వార్త వచ్చినది. ఇంట పండుగ. నవంబరు 5వ తేది సాయంకాలము మేము చపాతీలు ఒత్తుచుండగా చిరంజీవి వచ్చి గుమ్మమున నిలిచి, ‘మానేశాడు’ అనెను. నొప్పి తగ్గక, మోకాలు మునుపటివలె కాక, ఇరువదిమూడవయేటనే, వృత్తి జట్టు తరపున ఒక్క పందెమైనను ఆడకయే లాటిమోర్ ఆట వదలెను.

నిజము దాచి ప్రయోజనము లేదు. ఆ మాట వినగానే మాకు తోచినది ఆ పిల్లవాని నొప్పి కాదు. ‘అయ్యో, ఇక గోర్ తరువాత ఎవరు?’ అనుకొంటిమి. పైకి అంటిమి కూడ. చిరంజీవి ఏమియు ననక, పెనము మీద మాడుచున్న చపాతీని త్రిప్పి వెళ్లిపోయెను. వాని వెంట వెళ్లవలెనని యుండియు వెళ్లలేకపోతిమి. రెండేండ్లు ఒక పరాయి తల్లి కొడుకు త్వరగా కోలుకొనవలెనని కోరితిమి, ఎందులకు? మరల ఆ మల్లుల నడుమకు పోవుటకే గదా.

మఱునాడు అత్తగారికి ఫోనులో చెప్పితిమి. ఆమె కొంచెము సేపాగి, ‘ఇంటికి వెళ్లిపోయినాడా?’ అని అడిగిరి. వెళ్లుననియే వార్త యంటిమి. ‘అయితే సరే’ అని, తమ మోకాళ్ల తైలము సంగతి యెత్తిరి.

లాటిమోర్ తన విశ్వవిద్యాలయమునకు తిరిగిపోయి, తరువాత అచటి ఆటగాండ్రకు తోడ్పడు ఉద్యోగము చేసెను; ఇంకను తరువాత పోర్ట్‌లాండ్ నగరము చేరి కవిత్వము చదువువాడయ్యెను. గోర్ 2015లో మా జట్టును విడిచినను, మొత్తము పదునాఱేండ్లు ఆడి సరిగా 16,000 గజములు పరుగెత్తి, 2022లో మా జట్టుపేరనే విరమించుకొనెను. ఆ రెండు మోకాళ్లెట్లు నిలిచెనో, ఈ రెండేల నిలువలేదో వైద్యులను అడుగవలెను.

మా చిరంజీవి ఇప్పుడు వేఱొక యూర ఉద్యోగములో నున్నాడు. ప్రతి ఏప్రిల్ నెలలోను డ్రాఫ్ట్ రాత్రి తప్పక ఫోను చేయును. క్రొత్తగా వచ్చిన పరుగువాని పేరు చెప్పకముందే, మేము అడుగుటకు తావీయక, ‘మోకాళ్లు రెండూ బాగున్నాయమ్మా’ అనును.